ఎడమ కన్ను 40, కుడి కన్ను 68: నాలుగేళ్లు వాడిన అవతార్ యాప్‌పై సమీక్ష

గేముల్లో మన బదులు తిరిగే బొమ్మను, అంటే అవతార్‌ను, తయారుచేసే ఈ యాప్‌ను నాలుగేళ్లకు పైగా వాడుతున్నాను. ఇందులో జుట్టు ఎన్ని రకాలు, బట్టలు ఎన్ని రంగులు, ఏయే గేముల్లోకి ఈ బొమ్మను తీసుకువెళ్లవచ్చు అన్న వివరాలు దాని సొంత పేజీలోనే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. నేను రాయదలచుకున్నది ముఖం దిద్దుకునే తెర అట్టడుగున, చాలామంది గమనించకుండానే దాటిపోయే ఒక్క మీట గురించి. దాని పక్కన ‘రెండు వైపులూ ఒకేలా’ అని రాసి ఉంటుంది. ఆ మీటను ఆపివేస్తే రెండు కళ్లకూ, పెదవుల రెండు కొసలకూ వేర్వేరు స్లైడర్లు వస్తాయి.

ఈ మీటతో నాకు పని పడడానికి కారణం ఆరేళ్ల క్రితం వచ్చిన బెల్స్ పాల్సీ. ముఖంలో ఒక పక్క కండరాలను కదిలించే నరం దెబ్బతినడం వల్ల వచ్చే ఈ జబ్బు చాలామందికి కొన్ని వారాల్లోనో నెలల్లోనో పూర్తిగా నయమవుతుంది. నాకు ముప్పాతిక వంతు తగ్గి అక్కడే ఆగింది. ఎడమ కన్ను కుడి కన్నంత తెరుచుకోదు. నవ్వితే పెదవి కుడివైపే సాగుతుంది, ఎడమ కన్ను మాత్రం పిలవని పేరంటానికి వచ్చినట్టు దానంతటదే ఇంకాస్త ముడుచుకుంటుంది.

అవతార్లలో ఇటువంటి ముఖానికి చోటు దొరకడం కష్టం. 2006లో నింటెండో వారి ‘వీ’ (Wii) గేమ్ యంత్రంతో పాటు వచ్చిన ‘మీ’ (Mii) అనే అవతార్ బొమ్మల్లో పుట్టుమచ్చను నచ్చిన చోట పెట్టుకోగలిగేవాళ్లం. కళ్లు మాత్రం జంటగానే పైకీ కిందికీ జరిగేవి. ఇందులో దురుద్దేశమేమీ లేదు. త్రీడీ బొమ్మలు చేసేవారు సాధారణంగా సగం ముఖాన్ని చెక్కి, మిగతా సగాన్ని అద్దంలో ప్రతిబింబంలా తిప్పి అతికిస్తారు. దానివల్ల పని సగమవుతుంది. చర్మం మీది రంగుల చిత్రాన్ని కూడా రెండు వైపులకూ ఒకటే వాడితే మెమరీ కలిసివస్తుంది. కొన్ని గేముల్లో ఒక చేతికి వేసుకున్న పచ్చబొట్టు రెండో చేతి మీద కూడా తిరగబడి ప్రత్యక్షమవడానికి కారణం ఇదే. అయితే అందరి సౌకర్యం కోసం చేసిన ఆ ఏర్పాటులో నా ముఖం ఇమడదు.

అందుకే ఈ యాప్‌లో ఆ మీట కనబడిన రోజు రాత్రి చాలాసేపు దానితోనే గడిపాను. అద్దం ముందు కూర్చుని, ఒక కన్ను తెర మీద, ఒక కన్ను అద్దంలో పెట్టి, చివరకు ఎడమ కంటి తెరుపును 40 దగ్గర, కుడి కంటి తెరుపును 68 దగ్గర నిలిపాను. బట్టల విషయంలో నేను అంత నిజాయితీగా లేనని ఒప్పుకోవాలి. నేను జన్మలో వేసుకోని కోటు ఒకటి దానికి తొడిగాను. ముఖం మాత్రం నాదే. ఆ వారమే ఐదు నక్షత్రాలిచ్చి, ‘ఇక్కడ మీరు చేసుకున్న ముఖం మీదే’ అని సమీక్ష రాశాను.

రెండేళ్ల తరువాత ఒక పెద్ద అప్‌డేట్ వచ్చింది. ఆ సాయంత్రం ఎప్పటిలాగే గేములోకి వెళ్లాను. గొంతు తప్ప మరే పరిచయమూ లేని మా జట్టు సభ్యుడొకరు, ‘ఏమండీ, నిద్ర చాలలేదా?’ అని అడిగారు. వేళాకోళమనుకుని నవ్వి ఊరుకున్నాను. ఆట ముగిశాక ముఖం దిద్దుకునే తెర తెరిచి చూస్తే, మీట లేదు. రెండు స్లైడర్ల స్థానంలో ఒకటే ఉంది, దాని విలువ 54. నలభైనీ అరవై ఎనిమిదినీ కూడి రెండుతో భాగించి, వచ్చిన సంఖ్యను రెండు కళ్లకూ సమానంగా పంచిపెట్టారు! బొమ్మలను కొత్త త్రీడీ మోడల్‌కు మార్చేటప్పుడు పాత విలువలన్నిటినీ సరాసరి తీశారని తరువాత అర్థమైంది. ఫలితంగా నాదీ కాని, మరెవరిదీ కాని, రెండు కళ్లూ మగతగా ఉన్న ముఖమొకటి నా పేరు తగిలించుకుని తిరుగుతోంది. మామూలుగా ‘ఏమిటీ అవతారం’ అని ఎదుటివారిని విసుక్కుంటాం. ఆ రాత్రి ఆ మాట నా బొమ్మనే అనవలసి వచ్చింది.

కోపం వచ్చింది మరొక కారణానికి. ఈ యాప్ కెమెరాతో మన ముఖకవళికలను చదివి బొమ్మను కదిలిస్తుంది. ఐఫోన్‌లో ఆపిల్ వారి ఏఆర్‌కిట్ అనే సాఫ్ట్‌వేర్ ముఖాన్ని 52 విలువలుగా చదువుతుంది. రెప్ప వాల్చడం, చిరునవ్వు వంటివి ఎడమకు వేరుగా, కుడికి వేరుగా ఉంటాయి. అంటే నా నవ్వు ఒకవైపే సాగుతోందన్న సంగతి కెమెరాకు తెలుసు. తెలిసిన దానిని పక్కన పెట్టి, యాప్ నా నవ్వును రెండు వైపులా సమంగా గీస్తోంది. సహాయ విభాగానికి రాస్తే, కదలికలు సహజంగా కనిపించేందుకే అలా చేశామని జవాబు వచ్చింది. సహజం అన్న మాట దగ్గర కాసేపు ఆగిపోయాను.

ఇక్కడ దాచకుండా చెప్పవలసినది ఒకటుంది. మూడో రోజున, పరీక్ష కోసం, ఆ ఒక్క స్లైడర్‌ను 68కి జరిపి కెమెరా ముందు నవ్వాను. తెర మీద ఆరేళ్ల కిందటి నేను నవ్వాను. వెంటనే మూసివేయలేదు. పది నిమిషాలు, బహుశా ఇంకా ఎక్కువే, నవ్వుతూ కూర్చున్నాను. ఆ తరువాత ఆ ముఖంతో ఒక్క ఆట కూడా ఆడలేదు. అలాగని దానిని చెరిపివేయనూ లేదు. రెండో బొమ్మగా భద్రపరిచి ఉంచాను.

ఏడు వారాల తరువాత మరో అప్‌డేట్‌లో మీట తిరిగి వచ్చింది, ఈసారి ‘అదనపు సర్దుబాట్లు’ అనే మరో పొర కింద. పాత విలువలు మాత్రం రాలేదు. నా దగ్గర ఒక పాత స్క్రీన్‌షాట్ ఉండడం వల్ల ముఖాన్ని తిరిగి నిలబెట్టగలిగాను కానీ, కొత్త మోడల్‌లో 40 పాత 40లా కనబడదు. 36 దగ్గర సరిపోయింది. నవ్వు ఇప్పటికీ రెండు వైపులా సమంగానే సాగుతోంది, అందుకే కెమెరాను ఆపేసి ఆడుతున్నాను. ‘మీరు చేసుకున్న ముఖం మీదే’ అన్న నా పాత వాక్యానికి, వాళ్ల సర్వర్లో ఉన్నంతకాలం, వాళ్ల కొలతల్లో, అన్న తోక తగిలించాలి. బొమ్మను వీఆర్‌ఎం (త్రీడీ అవతార్లను దాచుకునే ఒక ఫైలు రకం) వంటి ఫైలుగా మన కంప్యూటర్లోకి దించుకునే వీలు ఇందులో లేదు; ఆ వీలున్న పనిముట్లు వేరే ఉన్నాయి, వాటిలో ముఖం మన డిస్కులోనే ఉంటుంది.

ఇప్పుడు మూడు నక్షత్రాలిస్తున్నాను. రెండు వైపులా ఒకేలా ఉండే ముఖం గలవారికి, లేదా తమ ముఖంతో పనిలేకుండా డ్రాగన్‌గానో రోబోగానో తిరగదలచుకున్నవారికి ఇది ఐదుకు ఐదూ తెచ్చుకోవచ్చు. నేను మానకపోవడానికి కారణం మా జట్టు ఇక్కడే ఉండడం. కొత్తగా మొదలుపెట్టే నాలాంటివారు ముఖం పూర్తయిన రోజునే స్లైడర్ల అంకెలన్నీ కాగితం మీద రాసిపెట్టుకోండి, పక్కనే యాప్ వెర్షన్ సంఖ్య కూడా.