తూనీగల వెంట ఆరేళ్లు: నా 100-400 లెన్స్ ఎలా పనిచేసిందంటే

ఈ 100-400ఎంఎం జూమ్ లెన్స్ (ఎంఎం పెరిగేకొద్దీ దూరంలోది పెద్దగా కనిపిస్తుంది) కొని ఆరేళ్లు దాటింది. కొన్నప్పుడు పక్షుల కోసమే కొన్నా, కానీ ఇప్పుడు హార్డ్ డిస్క్ తెరిచి చూస్తే ఇందులో తీసిన ఫోటోల్లో సగానికి పైగా తూనీగలే ఉన్నాయి, అందుకే పక్షుల సంగతి పక్కన పెట్టి తూనీగలకి ఇది ఎలా పనికొస్తుందో అదొక్కటే రాస్తున్నా. కంపెనీ పేరు కావాలనే చెప్పట్లేదు, ఎందుకంటే మీటరు దూరంలో ఫోకస్ అయ్యే ఏ 100-400 జూమ్ కైనా ఇక్కడ చెప్పేదాంట్లో చాలావరకు సరిపోతుంది. నా కెమెరా క్రాప్ సెన్సర్ ది, అంటే సెన్సర్ సైజు కొంచెం చిన్నది, కెమెరా కూడా కొంచెం పాతదే.

దీనికి ముందు రెండు సీజన్లు 100ఎంఎం మాక్రోతో, అంటే చిన్నవాటిని దగ్గరనుంచి పెద్దగా తీసే లెన్స్ తో తిరిగా. మాక్రో అంటే పురుగులకే కదా అనుకుని తీసుకున్నా, షార్ప్‌నెస్ లో దానికి వంక పెట్టలేం. కానీ తూనీగ సాలీడులాగా ఉన్నచోట ఉండదు. మాక్రోతో ఫ్రేమ్ నిండాలంటే లెన్స్ ముందు భాగం దానికి జానెడు, మహా అయితే జానెడున్నర దూరంలోకి వెళ్లాలి, అక్కడికి వెళ్లేలోపే అది గాల్లో ఉంటుంది. దాని కళ్లు చూడండి, తలంతా కళ్లే, ఒక్కో కంట్లో 30 వేల దాకా చిన్న చిన్న కటకాలుంటాయి, పైన, ముందు, పక్కల, దాదాపు వెనక వరకు ఒకేసారి కనిపిస్తుంది దానికి. వెనకనుంచి మెల్లగా వెళ్తే కనిపెట్టదులే అనుకుని నేను పోగొట్టుకున్న షాట్లు లెక్కలేనన్ని.

100-400 తో మారింది ఇదే. నాది మీటరు దూరంలో ఇచ్చే మాగ్నిఫికేషన్ 0.3 దాకా ఉంటుంది (సెన్సర్ మీద పడే బొమ్మ అసలు సైజులో 0.3 వంతు), అంటే క్రాప్ సెన్సర్ మీద దాదాపు 8 సెంటీమీటర్ల వెడల్పు ఫ్రేమ్ లోకి వస్తుంది. మామూలుగా కనిపించే తూనీగ ఒళ్లు 4 నుంచి 5 సెంటీమీటర్లు, రెక్కలు చాస్తే ఆరేడు, ఇంకేం కావాలి? 1:1 మాక్రో (బొమ్మ అసలు సైజంతే సెన్సర్ మీద పడటం) అవసరం తూనీగకి నిజంగా చాలా తక్కువ. పైగా నేను ఎక్కువ తీసేది మీటరు దగ్గర కూడా కాదు, ఒకటిన్నర రెండు మీటర్ల నుంచి తీసి కొంచెం క్రాప్ చేస్తా, ఎందుకంటే ఆ దూరంలో అది నన్ను పట్టించుకోకుండా తన పని తాను చేసుకుంటుంది, దోమని పట్టి తింటుంది, తల తిప్పి ముందుకాళ్లతో కళ్లు తుడుచుకుంటుంది, పక్క మగతూనీగ వస్తే తరిమి మళ్లీ వచ్చి కూర్చుంటుంది. ఈ లెన్స్ నాకిచ్చిన అసలు సంగతి ఆ దూరమే.

పుల్ల మీద కూర్చునే రకాలు ఒకసారి ఎగిరిపోయినా చాలాసార్లు అదే పుల్లకి తిరిగొస్తాయి. కాబట్టి ఎగిరిపోయిందని వెంటపడకుండా అక్కడే మోకాళ్ల మీద కూర్చుని లెన్స్ ని ఆ పుల్ల చివరకి ఫోకస్ పెట్టి ఆగండి, ఎండ మీ వెనకుంటే మీ నీడ మాత్రం దాని మీద పడకూడదు. మంచి ఎండవేళ కొన్ని రకాలు తోకని సూర్యుడి వైపు నిలువుగా ఎత్తి నిలబడతాయి, ఒంటి మీద ఎండ తక్కువ పడటానికి, ఆ భంగిమ తీయాలంటే లెన్స్ ని దాని ఎత్తుకి దించాలి, పైనుంచి తీస్తే ఆ అందమే రాదు.

ఇక ఫోకస్. ఈ లెన్స్ మీద నాకున్న పెద్ద కంప్లైంట్ ఇదే. తూనీగ ఒళ్లు సన్నం, వెనక గడ్డి నిండుగా ఉంటే ఫోకస్ గడ్డి మీదకి దూకేస్తుంది, ఒకసారి వెనక్కి పోయిందంటే తిరిగి తూనీగ మీదకి రావడానికి దానికి దారే తెలియనట్టు అటూ ఇటూ తిరుగుతుంది. ఫోకస్ వెతికే దూరానికి హద్దు పెట్టే లిమిటర్ స్విచ్ ఉంది కదా అంటారేమో, అది 3 మీటర్ల నుంచి అనంతం దాకా పెట్టడానికే, అంటే మనకి కావాల్సిన దగ్గర దూరాన్నే మూసేస్తుంది, 1 నుంచి 3 మీటర్లకి ఒక స్థానం ఇచ్చుంటే ఎంత బావుండేదో. నేను చేసేదేంటంటే అంతే దూరంలో ఉన్న లావు కాడ ఏదైనా చూసి ముందు దానికి ఫోకస్ చేసి, అప్పుడు సింగిల్ ఫోకస్ పాయింట్ ని తూనీగ కంటి మీదకి తెస్తా, చివర్లో రింగ్ చేత్తో తిప్పి సరిచేస్తా. సూది తూనీగలకైతే ఇది తప్పనిసరి, అవి రెక్కలు మూసుకుని గడ్డిపోచలో గడ్డిపోచలా ఉంటాయి.

అపర్చర్ గురించి, అంటే వెలుతురు లోపలికి వచ్చే రంధ్రం గురించి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ అది చిన్నదవుతుంది) ఒక లెక్క చెప్తా. 0.3 మాగ్నిఫికేషన్ దగ్గర ఎఫ్/8 పెడితే నా సెన్సర్ మీద షార్ప్ గా వచ్చే లోతు నాలుగైదు మిల్లీమీటర్లే. ఎఫ్/11 కి ఆరు చిల్లర. ఎఫ్/16 కి వెళ్తే డిఫ్రాక్షన్ తో (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడంతో) రెక్కల నరాలు మెత్తబడుతున్నాయి, అందుకే ఎఫ్/11 దాటను. అంటే అపర్చర్ తో కాదు, కోణంతో గెలవాలి. పక్కనుంచి తీస్తే కన్ను నుంచి తోక చివర దాకా సెన్సర్ కి సమాంతరంగా ఉండాలి, మీ వైపు రెక్క ఎలాగూ కొంచెం మసకబారుతుంది, పర్లేదు. రెక్కల అల్లిక మొత్తం కావాలంటే సరిగ్గా పైనుంచి. ఎదురుగా తీస్తే ముఖం ఒక్కటే వస్తుంది, మిగతాది వదిలేసుకోవడమే, నాకైతే అవే ఎక్కువ ఇష్టం.

యాక్సెసరీల్లో 1.4 టెలీకన్వర్టర్ (లెన్స్ కీ కెమెరాకీ మధ్య పెట్టి బొమ్మని 1.4 రెట్లు పెంచేది) బాగా పనికొచ్చింది, దగ్గరి ఫోకస్ దూరం మారకుండా మాగ్నిఫికేషన్ పెరుగుతుంది, ఒక స్టాప్, అంటే సగం వెలుతురు పోతుంది, ఫోకస్ ఇంకాస్త నెమ్మదిస్తుంది. ఎక్స్‌టెన్షన్ ట్యూబ్ (లెన్స్ ని కెమెరాకి దూరం జరిపే ఖాళీ గొట్టం) మీద మాత్రం ఆశ పెట్టుకోవద్దు, 25ఎంఎం ట్యూబ్ 100 దగ్గర మాగ్నిఫికేషన్ కి 0.25 కలుపుతుంది కానీ 400 దగ్గర 0.06 మాత్రమే. మెరుపు తగ్గించే పోలరైజర్ ఫిల్టర్ ఒక సీజన్ వాడి తీసేశా, నీటి మెరుపుతోపాటు రెక్కల మెరుపు కూడా పోతోంది, ఆ మెరుపు లేకపోతే నాకు తూనీగ ఫోటోనే కాదు.

ఎగిరేటప్పుడు తీయడం వేరే కథ. నాలుగు రెక్కల్నీ విడివిడిగా ఆడించగలదు కాబట్టి గాల్లో ఆగుతుంది, అక్కడే వెనక్కి తిరుగుతుంది, మన ఆటోఫోకస్ దానికి అందదు. జూమ్ ని 250 దగ్గరకి తగ్గించి, రెండున్నర మీటర్లకి మాన్యువల్ ఫోకస్ పెట్టేసి, 1/2500 సెకను షట్టర్ తో అది ఆగే చోట వరసగా బర్స్ట్ కొడతా. వందలో రెండో మూడో వస్తాయి. పాంటాలా ఫ్లావెసెన్స్ అని హిందూ మహాసముద్రాన్ని దాటి వలసపోయే రకం ఉంది కదా, అది పగలంతా గాల్లోనే, వాలినప్పుడు కొమ్మకి కిందకి వేలాడుతుంది, ఆ వాలింది నాకు దొరకడానికి మూడేళ్లు పట్టింది.

కొంతమంది తూనీగని పట్టి ఫ్రిజ్ లో పెట్టి మత్తుగా ఉన్నప్పుడు పుల్ల మీద కూర్చోబెట్టి తీస్తారు. అది నాకు అస్సలు నచ్చదు, అలా తీసిన ఫోటో ఎంత షార్ప్ గా ఉన్నా చూడబుద్ధి కాదు.

ఒక తెల్లవారుజాము గురించి చెప్పాలి. నీటి అంచున తుంగ కాడ మీదకి నీళ్లలో పెరిగిన తూనీగ లార్వా ఒకటి ఎక్కి ఆగింది, వీపు చీలింది, లోపల్నుంచి పాలిపోయిన తూనీగ బయటికి జారింది, రెక్కలు తడి కాగితం ముడతల్లా ఉన్నాయి. మాక్రో అయితే నీళ్లలోకి దిగాలి, తుంగ కదులుతుంది, ఆ సమయంలో అది నీళ్లలో పడిందంటే చాలావరకు చచ్చినట్టే. నేను గట్టు మీదే, రెండు మీటర్ల అవతల, మోనోపాడ్ (ఒంటికాలి స్టాండ్) ఆనించుకుని కూర్చున్నా. రెక్కల్లోకి ద్రవం ఎక్కుతూ ముడతలు విప్పుకున్నాయి, చాలాసేపు రెండు జతలూ వీపు మీద కలిపి మూసుకునే ఉంది, తర్వాత ఒక్కసారిగా తెరిచింది. రెండు గంటల పైనే పట్టింది, ఊపిరి కూడా నెమ్మదిగా తీసుకున్నా. అది ఎగిరాక కాడకి కుబుసం ఒక్కటే మిగిలింది, దాన్నీ తీశా.

పేరు కనుక్కోవడానికి తీసేవాళ్లకి ఒక మాట, ఒక్క ఫోటోతో ఆగొద్దు. ఛాతీ పక్క చారలు, తోక చివర, రెక్క మొదలు రంగు, మూడూ కావాలి. కొన్ని రకాల్లో కుర్ర మగది ఆడదానిలాగే పసుపుగా ఉండి, వయసు పెరిగేకొద్దీ ఒంటి మీద నీలం కలిసిన తెల్లటి పొడి పేరుతుంది, రంగు ఒక్కటే చూస్తే తప్పు పేరు పెట్టేస్తాం.

బరువు కిలోన్నర, గంట దాటితే ఎడమ మణికట్టు లాగుతుంది. స్టెబిలైజర్ నా చేతుల వణుకు ఆపుతుంది కానీ గాలికి ఊగే కాడని ఆపలేదు, అందుకే షట్టర్ 1/500 సెకను కంటే నెమ్మదిగా పెట్టను. నాలుగో ఏడాది వానల్లో తడిశాక లోపలి గాజు మీద చిన్న ఫంగస్ మచ్చ వచ్చింది, శుభ్రం చేయించా, అప్పట్నుంచి సిలికా జెల్ డబ్బాలోనే పెడుతున్నా.

ఇప్పుడు జూమ్ రింగ్ దుమ్ముకి మళ్లీ బిగుసుకుంటోంది, సర్వీసుకి ఇవ్వాలి. కానీ నిన్నే ఒక జంట కనిపించింది, మగది తోక చివరి పట్టకారుతో ఆడదాని తల వెనక పట్టుకుని ఉంటే ఆడది తోకని నీటికి తాకిస్తూ గుడ్లు వదులుతోంది. రోజూ పది దాటాక అక్కడికే వస్తున్నాయి, ఇంకొన్నాళ్లు ఈ బిగుసు రింగ్ తోనే వెళ్తా.