పదో పన లెక్కా, ఓడల సుంకం లెక్కా: ఏది మేలు?

17వ శతాబ్దపు యూరప్ ధాన్యం మీద పరిశోధనకు దిగేవాళ్లు తరచూ అడిగేది ఇదే: ఫ్రాన్స్‌లో రైతుల పంటలోంచి చర్చి తీసుకున్న వాటా, అంటే దశాంశం రికార్డులు మేలా, బాల్టిక్ సముద్రపు ముఖద్వారమైన సౌండ్ జలసంధిలో ఓడల మీద డెన్మార్క్ రాజు వసూలు చేసిన సుంకం పుస్తకాలు మేలా? పంటకు మొదటివి, వర్తకానికి రెండోవి అనడం తేలికే. రెండింట్లోనూ దొంగలెక్కలున్నాయి. అవి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాయో పట్టుకోగలమా అన్నదే నా దృష్టిలో అసలు పరీక్ష.

దశాంశం పేరుకే పదో వంతు. పదకొండో పనో (కోసి కట్టిన మోపు), పన్నెండో పనో తీసుకున్న ఊళ్లూ ఉన్నాయి. పైగా చాలాచోట్ల మనకు దొరికేది కళ్లంలో కొలిచిన లెక్క కాదు, దశాంశం వసూలు హక్కును గుత్తకిచ్చిన పత్రం. ఆరేళ్లకో తొమ్మిదేళ్లకో గుత్తకిస్తే మధ్యలో పంట పోయిన ఏడాది కాగితం మీద కనబడదు. 1560ల తర్వాత దక్షిణ ఫ్రాన్స్‌లోని లాంగ్‌డాక్‌లో దశాంశం పడిపోయిందని పంటే పడిపోయిందనుకోకూడదు. అక్కడ ప్రొటెస్టెంట్లు కట్టడం మానేశారు. ఏటా వేలం వేసి, గుత్తను ధాన్యంలోనే రాసుకున్న పత్రాలు దొరికితేనే ఈ దారి పట్టండి.

సౌండ్ పుస్తకాలు 1497 నుంచి 1857 దాకా ఉన్నాయి. 1574కు ముందు చాలా ఏళ్లవి లేవు. సుంకం వసూలు చేసే డెన్మార్క్ రేవు హెల్సింగోర్‌లో ఓడ ఆగితే గుమాస్తా తేదీ, సరంగు పేరు, అతని ఊరు, సరుకు, కట్టిన సుంకం రాసేవాడు. ఓడ ఎక్కడికి వెళ్తోందన్నది 1660ల నుంచే నమోదైంది. సరంగుది డచ్ దీవి వ్లీలాండ్ అని ఉంటే సరుకూ ఆ ఊరివాళ్లదే అనుకోవద్దు. అది ఆమ్‌స్టర్‌డామ్ వర్తకుడిది కావచ్చు.

ఇక్కడి లొసుగులకు తేదీలున్నాయి, నా మొగ్గు ఇటుండటానికి కారణం అదే. 1618లో తనిఖీ బిగించారు. అంతకుముందు సరుకు తక్కువ చేసి చెప్పడం మామూలు కాబట్టి ఆ ఏళ్లకు ఓడల సంఖ్యను నమ్మండి, లాస్టులను (ఓడ సరుకు కొలత) నమ్మకండి. 1645 నుంచి 1720 దాకా స్వీడన్ ఓడలకు సుంకం మాఫీ. ఆ జెండా కింద పోయిన సరుకు వివరాలు చాలావరకు దొరకవు. ఈ రెండు గీతలు గీసుకుని పని మొదలుపెట్టవచ్చు. దశాంశానికైతే ఇలాంటి గీతలు ఊరూరికీ విడిగా గీయాలి.

మరో చిక్కు కొలతది. ఒక లాస్టు రై (గోధుమ లాంటి ధాన్యం) సుమారు రెండు టన్నులు, కానీ రేవును బట్టి లాస్టు మారేది. మార్చకుండా కూడితే మొత్తం తప్పుతుంది. అలాగే జనవరి నుంచి డిసెంబరు దాకా కూడేసి ఆ ఏడాది పంటతో పోల్చకండి. వేసవి చివర కోసిన పోలండ్ రై ధాన్యంలో చాలా భాగం మరుసటి వసంతంలో, మంచు కరిగాక, విస్తులా నది మీదుగా దాన్‌జిగ్ రేవు చేరేది. 1630లో సౌండ్ దాటిన రై ధాన్యంలో పెద్ద భాగం 1629 పంటే.

వేరే ఆధారాలకూ హద్దులున్నాయి. పారిస్ మార్కెట్ ధరలు కరువు ఎప్పుడొచ్చిందో చెబుతాయి, ఎంత పండిందో చెప్పవు. ఇంగ్లండ్‌లో మరణానంతరం రాసిన ఆస్తి జాబితాలు ఎకరా దిగుబడిని అంచనా వేయడానికి పనికొస్తాయి, కానీ వాటిలో పేద రైతులు అరుదు.