“గేజ్ ఒక్కటే పాడైంది” అన్న మాట నమ్మి పాత విమానం కొనకండి

పాత ప్రైవేట్ విమానం కొనే ఆలోచనలో ఉన్నవారు నాకు జరిగినది చదివి ముందుకు వెళ్లాలని కోరుతున్నాను. నేను కొన్నది 1970ల నాటి ఒంటి ఇంజన్, నాలుగు సీట్ల విమానం. చూడడానికి వెళ్లిన రోజే ఎడమ ట్యాంకు ఇంధన గేజ్ ముల్లు నిలకడ లేకుండా ఊగుతూ కనిపించింది. అడిగితే, గేజ్ ఒక్కటే పాడైందని, మార్చితే సరిపోతుందని అమ్మిన వ్యక్తి చెప్పారు. లాగ్‌బుక్‌లో చూస్తే అదే గేజ్‌ను నాలుగేళ్లలో రెండుసార్లు మార్చినట్టు రాసి ఉంది. విమానాన్ని శ్రద్ధగా చూసుకున్నారనడానికి అది గుర్తని అప్పుడు అనుకున్నాను. అసలు లోపం ఎక్కడుందో ఎవరూ వెతకలేదని ఆ రెండు పంక్తులే చెబుతున్నాయన్న సంగతి నాకు తర్వాతే అర్థమైంది.

కొన్నాక మూడో గేజ్ నేను వేయించాను, ట్యాంకులో ఫ్లోట్ ఉండే సెండర్‌ను, అంటే ఇంధన మట్టాన్ని గేజ్‌కు తెలిపే భాగాన్ని కూడా మార్పించాను. ఊగడం మాత్రం ఆగలేదు. ఒకరోజు గాలిలో ఉండగా, రేడియోలో మాట్లాడేందుకు బటన్ నొక్కిన ప్రతిసారీ రెండు ఇంధన ముళ్లూ, ఆయిల్ ఉష్ణోగ్రత ముల్లూ ఒకేసారి కదలడం గమనించాను. మూడు గేజ్‌లు ఒకే క్షణాన పాడవవు కాబట్టి, వాటన్నింటికీ ఉమ్మడిగా ఉన్నదేదో చెడిపోయి ఉండాలి. వేరొక మెకానిక్ మల్టీమీటర్ వైరు ఒకటి బ్యాటరీ నెగెటివ్‌కు, రెండోది గేజ్‌లు అమర్చిన ప్యానెల్ లోహానికి తాకించి, నన్ను బటన్ నొక్కమన్నారు. దాదాపు సున్నా ఉండవలసిన చోట అర వోల్టుకు పైగా చూపించింది. ప్యానెల్ రబ్బరు దిమ్మెల మీద నిలబడి ఉంటుంది కనుక దానికి ఎర్త్ ఇచ్చేది వెనుకనున్న అల్లిక తీగ పట్టీయే. దాని కొస స్క్రూ కింద పచ్చగా చిలుము పట్టి, సగం పోగులు తెగిపోయి ఉంది. పట్టీ మార్చి, తాకే చోట లోహం మెరిసేదాకా గీకిన తర్వాత ముళ్లన్నీ కదలకుండా నిలిచాయి.

దిశను చూపే గైరో విషయంలో జరిగిన మోసం ఇంతకంటే ప్రమాదకరమైనది. 15 నిమిషాలకు సుమారు 3 డిగ్రీల తేడా వస్తే సర్దుకోవచ్చు, కానీ నాది 20 డిగ్రీలు పక్కకు పోయేది. కొనే ముందు చూపించిన ప్రయాణం పది నిమిషాలే కావడం వల్ల అది బయటపడలేదు. తనిఖీని కూడా అమ్మిన వ్యక్తి సూచించిన వర్క్‌షాపులోనే చేయించాను, అది నేను చేసిన తప్పు. ఆ గైరోలోని చక్రాన్ని తిప్పేది వాక్యూమ్ పంపు లాగే గాలి. విప్పి చూస్తే ఆ గాలిని వడకట్టే వాక్యూమ్ ఫిల్టర్ నల్లగా మూసుకుపోయింది, గొట్టాలు గట్టిపడి లోపలినుంచి పొడి రాలుతోంది. ఆ స్థితిలో కొత్త గైరో బిగించినా దుమ్ము తిని అది కూడా త్వరగా అరిగిపోతుంది. పొడి రకం వాక్యూమ్ పంపులోని కార్బన్ రెక్కలు చాలాసార్లు ముందస్తు సూచన లేకుండానే విరుగుతాయి. మేఘాల్లో ఉన్నప్పుడు అలా జరిగితే, అదే గాలితో నడిచే కృత్రిమ క్షితిజం (విమానం ఎటు ఒరిగిందో చూపే పరికరం) ఒక్కసారిగా పడిపోకుండా మెల్లగా ఒరుగుతుంది, పైలట్ దాన్ని నమ్మి విమానాన్ని కూడా ఒరిగిస్తాడు.

కాబట్టి మీకు నచ్చిన, అమ్మేవారితో సంబంధం లేని మెకానిక్‌ను వెంట తీసుకువెళ్లండి. కనీసం అరగంట ఎగరనివ్వమని అడగండి. ఆ సమయంలో లైట్లు, రేడియో ఒక్కొక్కటిగా వేస్తూ ముళ్లను గమనించండి. చాలా విమానాల్లో వాక్యూమ్ గేజ్ 4.5 నుంచి 5.5 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య చూపాలి, మీ విమానం మాన్యువల్ ఏం చెబుతుందో చూసుకోండి. ఫిల్టర్, పంపు చివరిసారి ఎప్పుడు మార్చారో లాగ్‌బుక్‌లో వెతకండి. ఇంధనం మాత్రం గేజ్ ఎంత నిలకడగా ఉన్నా, ప్రతి ప్రయాణానికి ముందు మూత తీసి కొలకర్ర ముంచి చూడండి. నా గేజ్‌లు బాగుపడ్డాక కూడా నేను అలాగే చేస్తున్నాను.