టీపీఎస్ పరీక్షకు ముల్లు మీటర్: తొమ్మిదేళ్లు వాడాక నా అనుభవం

హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో ఈ ముల్లు మీటర్, అంటే అంకెలకు బదులు స్కేల్ మీద ముల్లు కదిలే మల్టీమీటర్, కొని తొమ్మిదేళ్లయింది. ఇంట్లో అప్పటికే డిజిటల్ మీటర్ ఉంది. అయినా దీన్ని కొన్నది ఒకే ఒక్క పనికి. మా పాత పెట్రోల్ కారులో థ్రాటిల్ పొజిషన్ సెన్సర్‌ను, అదే మెకానిక్‌లు టీపీఎస్ అనేదాన్ని, ఓమ్స్‌లో చూడటానికి. థ్రాటిల్ అంటే ఇంజిన్‌లోకి గాలి వదిలే మూత, అది ఎంత తెరుచుకుందో ఇంజిన్ కంప్యూటర్‌కు చెప్పేది ఈ సెన్సర్. ఓమ్స్ అంటే కరెంటుకు ఎంత అడ్డు ఉందన్న కొలత.

అప్పట్లో కారు పరిస్థితి ఇదీ. సెకండ్ గేర్‌లో మెల్లగా యాక్సిలరేటర్ నొక్కితే ఒక్క క్షణం ఊపిరాగినట్టయి, మళ్లీ ముందుకు గుంజేది. గట్టిగా తొక్కితే ఏ ఇబ్బందీ లేదు. చెక్ ఇంజిన్ లైటూ వెలగలేదు. ఒక గ్యారేజీలో ప్లగ్గులు మార్చారు, ఇంకోచోట ఏకంగా ఫ్యూయల్ పంపునే మార్చారు. డబ్బు పోయింది కానీ గుంజుడు పోలేదు. ఫ్లైఓవర్ ఎక్కుతున్నప్పుడు వెనకాల బస్సు కనిపిస్తే చాలు, టెన్షన్‌తో అరచేతులు తడిసేవి.

డిజిటల్ మీటర్‌తో నేనే చూశాను. సెన్సర్‌కు మూడు పిన్నులు: 5 వోల్టులు వచ్చేది, ఎర్త్, కంప్యూటర్‌కు సిగ్నల్ పంపేది. 5 వోల్టుల పిన్‌కీ ఎర్త్ పిన్‌కీ మధ్య దాదాపు 5 కిలో ఓమ్స్, థ్రాటిల్ తిప్పినా మారలేదు. అది మారకూడదు కూడా. ఎర్త్‌కీ సిగ్నల్ పిన్‌కీ మధ్య మాత్రం, మూసి ఉన్నప్పుడు తక్కువ, పూర్తిగా తెరిస్తే ఎక్కువ. అన్నీ సరిగ్గా ఉన్నాయని నమ్మి ఇంకో రెండు నెలలు అలాగే నడిపాను.

మా వీధిలో రేడియోలు బాగుచేసే పెద్దాయన ఒకాయన ఉండేవారు. విషయం చెప్తే, "ఇది వాల్యూమ్ కంట్రోలే కదా బాబూ. పాత రేడియో నాబ్ తిప్పుతుంటే ఒకచోట గరగరమంటుంది చూశావా, అదే ఇది. అంకెలు కాదు, ముల్లు చూడు" అన్నారు.

ఆయన చెప్పింది అక్షరాలా నిజం. లోపల ఉన్నది కార్బన్ పట్టీ, దాని మీద జారే చిన్న కాంటాక్ట్. ఊళ్లో తిరిగే కారుకు థ్రాటిల్ ఎక్కువసేపు కొద్దిగా మాత్రమే తెరుచుకుని ఉంటుంది కాబట్టి పట్టీ ఎక్కువగా అరిగేదీ అక్కడే. నా డిజిటల్ మీటర్ సెకనుకు రెండు మూడు సార్లే అంకె మారుస్తుంది. ఆ మధ్యలో కాంటాక్ట్ తెగి అతుక్కుంటే దానికి తెలియదు. ముల్లు మీటర్ పెట్టి థ్రాటిల్‌ను చేత్తో చాలా నెమ్మదిగా తిప్పాను. సాఫీగా జరుగుతున్న ముల్లు, మొదట్లోనే ఒకచోట ఎడమ చివరికి, అంటే అనంతం గుర్తు వైపు, విసురుగా పోయి వెనక్కొచ్చింది. ఐదుసార్లు తిప్పితే ఐదుసార్లూ అక్కడే. సెన్సర్ మార్చిన రోజే గుంజుడు పోయింది.

అప్పటి నుంచి చుట్టాలవీ స్నేహితులవీ చాలా కార్లకు ఇదే మీటర్ పెట్టాను. ఇగ్నిషన్ ఆపి, బ్యాటరీ నెగటివ్ తీసి, సెన్సర్ కనెక్టర్ ఊడదీశాకే ఓమ్స్ చూడాలి. కరెంట్ ఉన్న తీగకు ఓమ్స్‌లో పెడితే మీటరే పోతుంది. రేంజ్ మార్చిన ప్రతిసారీ రెండు ప్రోబ్‌లు కలిపి ముల్లును సున్నా మీదికి తెచ్చుకోవాలి. స్కేల్ ఎడమవైపు గీతలు ఇరుకుగా ఉంటాయి, అందుకే ముల్లు మధ్యలో ఆడే రేంజ్ ఎంచుకుంటాను. ప్రోబ్‌లు లావు, పక్కపక్క పిన్నులకు ఒకేసారి తగిలేవి. చిన్న క్రొకడైల్ క్లిప్పులు కొన్నాక చేతులు రెండూ ఖాళీ అయ్యాయి. ఒక చేత్తో థ్రాటిల్ తిప్పుతూ, రెండో చేత్తో సెన్సర్ మీద మెల్లగా తడితే దాగిన లోపం కూడా బయటపడుతుంది. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడే సతాయించే సెన్సర్లున్నాయి, వాటిని చల్లగా చూసి మంచివని తేల్చకండి.

మీటర్‌తో నాకున్న కష్టం బ్యాటరీలే. మూడో ఏడు వానాకాలంలో లోపల కారిపోయి స్ప్రింగ్ తుప్పుపట్టింది. దాన్ని గీకి శుభ్రం చేయాల్సి వచ్చింది. ఇప్పుడు పని కాగానే బ్యాటరీలు తీసేస్తున్నాను. రెండుసార్లు చేతిలోంచి జారినా ముల్లు వంగలేదు.

ఓమ్స్‌లో బాగుందంటే సెన్సర్ మంచిదని ముద్ర వేయలేం. ఓమ్స్‌లో పాసైన ఒక సెన్సర్, కనెక్టర్ తగిలించి ఇగ్నిషన్ ఆన్ చేసి సిగ్నల్ తీగ మీద వోల్టులు చూస్తే దొరికింది. మామూలుగా 0.5 దగ్గర మొదలై 4.5 దాకా సాఫీగా ఎక్కాలి, అది మధ్యలో పడిపోయింది. కాబట్టి రెండూ చూడాలి.

కేబుల్ యాక్సిలరేటర్ ఉన్న పాత కార్లకే ఈ పద్ధతి. పోయినేడు మా బాబాయి కొడుకు కొత్త కారు తెచ్చాడు. అందులో పెడల్‌కు కేబుల్ లేదు, థ్రాటిల్‌ను మోటార్ తిప్పుతుంది. సెన్సర్లు రెండు, అవీ అయస్కాంతంతో పనిచేసే రకం. అరిగే పట్టీ లేదు కాబట్టి అక్కడ ఓమ్స్‌తో తెలిసేదేమీ లేదు. మీటర్ లోపల పెట్టేసి, కారు కంప్యూటర్‌లోని అంకెలు చూపే స్కానర్ తగిలించి రెండు సెన్సర్ల అంకెలూ పక్కపక్కన చూశాం.