8 నెలల ఎపిలేటర్ వాడకం: కాళ్లకు సరే, చంకలకు వద్దు

తడి చర్మం మీద కూడా పనిచేసే, ఛార్జింగుతో నడిచే ఒక ఎపిలేటర్‌ను (వెంట్రుకలు లాగి తీసే చేతి యంత్రాన్ని) 8 నెలలుగా వాడుతున్నాను. అంతకు ముందు రేజరు, హెయిర్ రిమూవల్ క్రీము, వ్యాక్సింగ్ వరుసగా వాడి చూశాను కాబట్టి, దీన్ని వాటి పక్కన పెట్టి రాస్తున్నాను. నాది చామనచాయ, చిన్న పొక్కు వచ్చి మానినా నెలల తరబడి నల్లమచ్చ మిగిలిపోయే చర్మం. వెంట్రుకలు నల్లగా, దళసరిగా ఉంటాయి. వెంట్రుకలు ఎంత బాగా పోతాయో చూసి పద్ధతిని ఎంచుకుంటాం గాని, ఆ తర్వాత మంటైనా మచ్చైనా భరించవలసింది చర్మమే కాబట్టి ఈ వివరాలు ముందే చెబుతున్నాను.

ఎపిలేటర్ తలలో గిర్రున తిరిగే చిన్న చిన్న పట్టకార్లు వెంట్రుకను పట్టి కుదురుతో సహా లాగేస్తాయి. రేజరు చర్మం పైన కనిపించే భాగాన్ని మాత్రమే కోస్తుంది కనుక రెండు మూడు రోజులకే గరుకు తగులుతుంది. ఎపిలేటర్‌తో నాకు మూడు వారాలు నిశ్చింతగా గడుస్తున్నాయి. (గీసుకుంటే వెంట్రుకలు మందంగా మొలుస్తాయనే మాట నిజం కాదు, కోసిన కొన మొద్దుగా ఉండడం వల్ల అలా అనిపిస్తుంది.) వ్యాక్సింగ్‌కైతే వెంట్రుక సుమారు 6 మిల్లీమీటర్లు పెరిగేదాకా ఆగాలి. దీనికి 2, 3 మిల్లీమీటర్లు చాలు. నాకు అన్నిటికన్నా నచ్చిన సౌకర్యం ఇదే.

నొప్పి సంగతి దాచను. మొదటిసారి పిక్కల మీద పెట్టినప్పుడు కళ్లలో నీళ్లు తిరిగాయి. నాలుగోసారికి బాగా తగ్గింది. గోరువెచ్చని నీళ్లతో స్నానం చేశాక, ఒక చేత్తో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకుని, యంత్రాన్ని నిటారుగా ఉంచి, వెంట్రుకలు పెరిగే దిశకు ఎదురుగా మెల్లగా నడపాలి. తొందరపడితే వెంట్రుక కుదురు నుంచి రాకుండా మధ్యలో తెగిపోతుంది. అప్పుడు నొప్పి భరించినా దక్కేది రేజరు ఫలితమే.

అసలు ఇబ్బంది రెండో నెలలో మొదలైంది. తొడల మీద ఎర్రటి పొక్కులు లేచాయి. వెలుతురులో దగ్గరగా చూస్తే, పలచటి చర్మం కింద వెంట్రుక బయటికి రాలేక నల్లదారంలా చుట్ట చుట్టుకుని కనిపించింది. ఒకదాన్ని సూదితో గిల్లి తీశాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది కాబట్టి ఎవరూ ఆ పని చేయవద్దని కోరుతున్నాను. అప్పటి నుంచి ఎపిలేషన్ అయిన రాత్రి వాసన లేని మాయిశ్చరైజర్ తప్ప ఏమీ రాయడం లేదు. రెండు రోజులు ఆగి, వారానికి రెండుసార్లు మెత్తని తువ్వాలుతో సున్నితంగా రుద్దుతూ, మధ్య రోజుల్లో మృతకణాలను వదిలించే సాలిసిలిక్ ఆమ్లం ఉన్న లోషన్ రాస్తున్నాను. ఆరు వారాల్లో పొక్కులు చాలావరకు తగ్గాయి. ఎండ తగిలే చోట సన్‌స్క్రీన్ మానితే ఉన్న మచ్చలు ఇంకా ముదురుతాయి.

చంకలకు మాత్రం దీన్ని సిఫారసు చేయలేను. అక్కడ చర్మం పలచన, వెంట్రుకలు ఒక్కో వైపుకు ఒక్కోలా పెరుగుతాయి. నాకు రక్తపు చుక్కలు కనిపించి, రెండు రోజులు వాపు ఉంది. ఆ చోటికి జెల్ రాసి, కొత్త బ్లేడుతో, ఒత్తిడి లేకుండా గీసుకోవడమే నయం. ఆ రోజు డియోడరెంట్ వాడకపోతే మంట ఉండదు.

క్రీములకు నొప్పి లేదు గాని, వాటిలోని థయోగ్లైకోలేట్ అనే రసాయనం వెంట్రుకలోని కెరాటిన్ అనే ప్రోటీన్‌ను కరిగించి పనిచేస్తుంది. చర్మపు పై పొరలోనూ ఉండేది కెరాటినే. అందువల్ల డబ్బా మీద రాసిన సమయాన్ని ఒక్క నిమిషం కూడా దాటనివ్వకూడదు, 24 గంటల ముందు కొద్దిచోట రాసి చూసుకోవాలి. వ్యాక్సింగ్‌తో నా అనుభవం చేదు: ముఖానికి రెటినాల్ (విటమిన్ ఎ రకం మందు) రాసుకుంటున్న రోజుల్లో ఒక పార్లర్‌లో పైపెదవికి వ్యాక్స్ చేయించుకుంటే పై పొర ఊడి వచ్చింది. ఏం రాసుకుంటున్నారని వాళ్లు అడగలేదు, చెప్పాలని నాకూ తెలియదు.

లేజర్ చేయించుకునే ఆలోచన ఉన్నవారు ఈ యంత్రం కొనకపోవడమే మంచిది. లేజర్ కాంతిని కుదురుకు చేర్చేది వెంట్రుకలోని నల్లరంగే. వెంట్రుకను పీకేస్తే కాంతికి దారి ఉండదు కనుక, కొన్ని వారాల ముందు నుంచి రేజరు మాత్రమే వాడాలి. ముదురు రంగు చర్మానికి 1064 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం గల ఎన్‌డీ యాగ్ అనే రకం లేజర్ మిగతావాటికన్నా సురక్షితం. తెల్ల వెంట్రుకలకు ఏ లేజరూ పనిచేయదు, వాటికి సన్నని సూదితో కరెంటు పంపి కుదురును నాశనం చేసే ఎలక్ట్రోలిసిస్ ఉంది. చుబుకం మీద ఉన్నట్టుండి దళసరి వెంట్రుకలు వస్తూ, నెలసరి కూడా తప్పుతూ ఉంటే, ఏ పరికరమైనా కొనడానికి ముందు వైద్యులను కలిసి హార్మోన్ల పరీక్ష చేయించుకోవాలి.

యంత్రం విషయానికి వస్తే, తల విడదీసి కుళాయి కింద కడగడం సులువు. నేను కడిగి ఆరాక స్పిరిట్‌తో కూడా తుడుస్తాను. మోత ఎక్కువ. బ్యాటరీ మొదట్లో రెండు కాళ్లకూ సరిపోయేది, ఇప్పుడు రెండో మోకాలి దగ్గరే ఆగిపోతోంది. ఛార్జింగులో ఉండగా ఇది నడవదు కాబట్టి, కొత్తగా కొనేవారు బ్యాటరీ గడువు, మార్పిడి సౌకర్యం అడిగి తెలుసుకోవాలి.