"బానెట్ జర గట్టిగ కొట్టాలె" అంటే ఆ బండికి అడ్వాన్స్ ఇయ్యకండి

హన్మకొండ, కాజీపేట దిక్కు పాత కార్లు చూస్తున్నోళ్ళ కోసం రాస్తున్న.

పోయిన నెల ఒక డీలర్ దగ్గర ఏపీ 36 నంబర్ బండి తీసుకున్న. 2008 మోడల్, పెట్రోల్. 15 ఏళ్ళు నిండినంక ఆర్‌సీ ఇంకో 5 ఏళ్ళకు రెన్యువల్ అయ్యింది, చలాన్లు లేవు. టైర్లు చూసిన, ఏసీ చూసిన, కింద వంగి ఆయిల్ కారుతుందా అని కూడా చూసిన. ఇంజన్ చూసి బానెట్ దించితే మాత్రం లాకు పడలే. అక్కడ పనిచేసే పిల్లగాడు ఉరికొచ్చి రెండు చేతులతోటి దబ్బుమని కొట్టి, "జర గట్టిగ కొట్టాలె అన్నా, పాత బండ్లకు గింతే" అన్నడు. నేను నవ్వి ఊకున్న. బండి కథంతా ఆ మాటలనే ఉండె, నాకే సమజ్ కాలే.

మూడో ఆదివారం ములుగు పోతున్నం, అమ్మ వెనక సీట్ల ఉంది. ఆత్మకూరు దాటినంక బానెట్ అంచు టకటక కొట్టుకునుడు మొదలైంది. రోడ్డు బాగలేదేమో అనుకున్న. స్పీడు 80 కూడా లేదు. ఎదురుంగ ఇసుక లారీ రయ్యిన పోయింది, ఆ గాలికి బానెట్ లేచి అద్దం మీద పడ్డది. ముందల రోడ్డు లేదు, అంతా తెల్ల రేకే.

గట్టిగ బ్రేకు తొక్కబోయిన, కానీ వెనక బస్సున్నది. అప్పుడు కనబడ్డది, డాష్‌బోర్డుకు పైన, లేచిన బానెట్‌కు కింద నాలుగు వేళ్ళంత సందు. తల వంచి దాంట్లకెళ్ళి రోడ్డు చూసుకుంట, నాలుగు ఇండికేటర్లు వేసి, మెల్లమెల్లగ ఎడమకు మట్టిలకు దింపిన. అమ్మ అప్పటిదాంక "గట్టమ్మ తల్లీ" అని ఒకటే మొక్కు.

ఆటోనగర్‌ల మెకానిక్ టార్చి కొట్టి చూపిచ్చిండు. బానెట్‌ను పట్టేటివి రెండుంటయి. ఒకటి అసలు లాకు, రెండోది మనం వేలు పెట్టి లేపే కొక్కెం. లాకు జారినా కొక్కెం ఆపాలె. నా బండికి కొక్కెం మొదలుకంట కోసేసి, కోసిన కాడ నల్ల పెయింట్ కొట్టిండ్రు. బండి ఎన్నడో ముందల గుద్దుకున్నది. లాకు బిగించే పట్టీని సుత్తెతోటి సాపు చేసిండ్రు గానీ వంకర పోలే. అందుకే బానెట్ కింద ఉండే ఇనుప కొండి లాకు నోట్లకు సక్కగ దిగుతలేదు, కొడితే సగమే పడుతున్నది. లాకు స్ప్రింగ్‌కైతే స్లాబు కడ్డీలు కట్టే బైండింగ్ వైరు చుట్టిండ్రు!

ఇది చూసుకునేందుకు రెండు నిమిషాలు చాలు. లోపల లీవర్ గుంజితే బానెట్ వేలంత లేచి ఆగాలె. సందుల వేలు పెట్టకుండ అంచు పట్టి లేపండి, లేచిందంటే కొక్కెం లేనట్టే. దించేటప్పుడు అడుగు ఎత్తు నుంచి వదిలితే దానంతటదే పడాలె. తెరిచి ఉన్నప్పుడు స్క్రూడ్రైవర్‌తోటి లాకును నొక్కితే టక్, టక్ అని రెండు మెట్లు దిగాలె. (నొక్కినంక లీవర్ మళ్ళ గుంజి వదలండి, లేకుంటే బానెట్ పడది, నేను ఒకసారి అట్లనే ఆగమైన.) లాకు బోల్టుల మీద పెయింట్ గీక్కపోయి ఉంటే ఎందుకు విప్పిండ్రో అడగండి.

పట్టీ, లాకు, కేబుల్ కలిపి 2,600 అయ్యింది, అద్దం ఖర్చు వేరే. ఇన్సూరెన్స్ థర్డ్ పార్టీనే కాబట్టి రూపాయి రాలే. డీలర్‌కు ఫోన్ చేస్తే "చూసుకునే కొన్నవు కదనే" అన్నడు.

ఇప్పటికే ఇట్లాంటి బండి నడుపుతున్నోళ్ళు మెకానిక్ దాంక పోవాలంటే, లగేజీ కట్టే బెల్టును బానెట్ కొండికి వేసి, కింద టోయింగ్ హుక్కుకు గుంజి కట్టి, 40 దాటకుండ పోవాలె. వదులు తాడు కడితే రేడియేటర్ ఫ్యానుకు చుట్టుకుంటది. వైరుతోటి బిగించి అట్లనే తిరుగుడు మాత్రం వద్దు, రేపు ఇంజన్ల పొగ లేస్తే బానెట్ తెరుచుకోదు.

కోసిన పాత లాకును నేను పారెయ్యలే, డిక్కీలనే పెట్టుకున్న. మొన్న ఆ దారిల పోతుంటే డీలర్ దగ్గర ఇంకో తెల్ల బండి నిలబెట్టి ఉంది, కడిగి పాలిష్ కొట్టి. ఎవరన్నా దాన్ని చూడపోతే ఫస్టు లీవర్ గుంజండి.