పదకొండేళ్ల వాడకంలో రెండు మైనస్ బటన్లు

ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులకు లెవెల్ తీసే, అంటే నేల ఎత్తుపల్లాలు కొలిచే పనిలో పదకొండేళ్లుగా ఒకే సైంటిఫిక్ కాలిక్యులేటర్ వాడుతున్నాను. నెల్లూరు ట్రంకు రోడ్డులో కొన్న ఆ యంత్రం ఉప్పుగాలికీ ఎండకూ తట్టుకుని నిలిచింది. నా అభ్యంతరమల్లా దాని మైనస్ బటన్ల అమరిక మీదనే.

తీసివేత బటన్ కుడివైపు కింద, కూడిక బటన్ పక్కన, వేలికి అందేటట్లు ఉంది. రుణ సంఖ్యకు వాడవలసిన బటన్ మాత్రం ఎడమ అంచున, సైన్, కాస్‌ల వరుసలో, వాటి రంగులోనే, వాటంత చిన్నదిగా ఉంది. తెర ఖాళీగా ఉన్నప్పుడు తీసివేత బటన్ నొక్కి 5 వేసినా యంత్రం దానిని రుణ సంఖ్యగానే తీసుకుంటుంది కనుక, రెండో బటన్ అవసరం చాలాకాలం మనకు తెలియనే తెలియదు. సమానం నొక్కిన తరువాతనే అసలు చిక్కు వస్తుంది.

తూము దిమ్మె మట్టాన్ని 0.000 మీటర్లుగా పెట్టుకున్న ఒక చెరువులో, అడుగు మట్టం −0.350 ఉన్నచోట బ్యాక్ సైట్ (మట్టం తెలిసిన చోట నిలిపిన కొలబద్ద మీద పరికరంలో కనిపించే అంకె) 1.235, తరువాతి చోట ఫోర్ సైట్ (మట్టం తెలియవలసిన చోట కనిపించే అంకె) 1.780 వచ్చాయి. ముందు రెండింటి తేడా తీశాను: −0.545. తెర చెరపకుండానే తీసివేత బటన్‌తో −0.350 వేసి 1.235 కలిపాను. తెలిసిన మట్టానికి బ్యాక్ సైట్ కలిపితే వచ్చే పరికరం ఎత్తు 0.885 రావలసింది 0.340 వచ్చింది. పాత జవాబులో నుంచి 0.350 తీసివేయమని అడిగినట్లు యంత్రం అర్థం చేసుకుంది. దానిలో నుంచి ఫోర్ సైట్ తీస్తే తరువాతి మట్టం −0.895కు బదులు −1.440 అయింది. పేజీ చివర బ్యాక్ సైట్ల మొత్తంలో నుంచి ఫోర్ సైట్ల మొత్తం తీసి, మొదటి, చివరి మట్టాల తేడాతో సరిచూసే అలవాటు ఉండబట్టి దొరికింది గాని, లేకుంటే అర మీటరు పైచిలుకు మట్టి అనవసరంగా పోయించేవాడిని.

రెండు బటన్లు వేరుగా ఉండడం తప్పు కాదు. రెండు పనులూ నిజంగా వేరే. హ్యూలెట్-ప్యాకార్డ్ 1972లో తెచ్చిన హెచ్‌పీ-35లోనే గుర్తు మార్చడానికి ప్రత్యేకమైన బటన్ ఉంది. కావలసిందల్లా ఆ బటన్ అంకెల దగ్గరే, వేరే రంగులో ఉండడం.

వర్గాల విషయంలో మాత్రం యంత్రాన్ని తప్పుపట్టను. −0.12 వర్గాన్ని బ్రాకెట్లు లేకుండా వేస్తే −0.0144 వస్తుంది, ఎందుకంటే గణిత నియమం ప్రకారం వర్గం ముందు, గుర్తు తరువాత. ట్రావర్స్ (వరుసగా కొలుచుకుంటూ మొదలైన చోటికే తిరిగి చేరే సర్వే) ముగింపు దోషం కట్టేటప్పుడు, ఒక దిశలో తేడా −0.12, రెండో దిశలో 0.09 అనుకుంటే, దానికి 0.09 వర్గం కలిపి వర్గమూలం అడిగితే 0.15కు బదులు ఎర్రర్ చూపిస్తుంది. అక్కడ బ్రాకెట్లు పెట్టడం మన బాధ్యత.

కొనబోయేవారు దుకాణంలోనే 8 వేసి సమానం నొక్కి, వెంటనే −3 + 5 వేసి చూడండి. రుణ గుర్తు బటన్‌తో 2, తీసివేత బటన్‌తో 10 వస్తాయి. నేనైతే ఆ చిన్న బటన్ మీద ఎర్రటి గోళ్లరంగు చుక్క పెట్టుకున్నాను. చెరిగినప్పుడల్లా మళ్లీ పెడుతున్నాను.